చిట్టా నుంచి ఫోన్‌లోకి: చిన్న కొట్టును డిజిటల్‌గా మార్చుకోవడం ఎలా?

"ఏ యాప్ వేసుకోమంటారు?"

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఫ్యాన్సీ కొట్టాయన అడిగినా, నరసన్నపేటలో బట్టల కొట్టు నడిపే ఆవిడ అడిగినా మొదటి ప్రశ్న ఇదే. పండగ ముందు ఈ ఫోన్లు మరీ ఎక్కువ. ప్రతిసారీ అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను.

యాప్ చివరి సంగతి. ముందు మీ తలలోనూ మీ నాన్నగారి తలలోనూ ఉన్న ఖాతాదార్ల వివరాలు రాతలోకి రావాలి. ఎవరు దేనికొస్తారు, ఏ నెలలో వస్తారు, ఎవరు రావడం మానేశారు అన్నవి తెలిస్తేనే ఫోన్ పనికొస్తుంది. తెలియకపోతే అదొక కొత్త ఖర్చు. ఇది నాకు మా ఇంట్లోనే తెలిసింది. "ఫలానా ఊరి నాయుడుగారి అమ్మాయి పెళ్లి మాఘంలో, బట్టలు మన దగ్గరే" లాంటివన్నీ నాన్నకు నోటికొచ్చు. ఆయన కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టారు. ఆ మాఘంలో మా పెళ్లి బేరాలు సగం పోయాయి. అప్పటికే నేను ఒకరికి 35 వేలు ఇచ్చి వెబ్‌సైట్ చేయించి ఉన్నాను. ఏడాది మొత్తానికి దాని మీద వచ్చిన ఆర్డర్లు రెండు. అందులో ఒకటి మా బావమరిది పెట్టింది.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

- కొట్టుకే కేటాయించిన ఒక ఆండ్రాయిడ్ ఫోన్. కొత్తది అక్కర్లేదు, కెమెరా బాగుంటే చాలు.
- యజమాని పేరు మీద, కొట్టు కోసం వేరే సిమ్. గుమస్తా నంబరు మాత్రం వాడొద్దు. అతను మానేసిన రోజున నంబరుతో పాటు ఖాతాదార్లు కూడా వెళ్లిపోతారు.
- కొట్టు కోసం కొత్త జీమెయిల్ ఖాతా. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.
- కరెంట్ ఖాతా. అది లేకపోతే, కనీసం ఇంటి ఖర్చులకు వాడే ఖాతా కాకుండా వేరొకటి.
- 200 పేజీల నోటు పుస్తకం. నవ్వకండి, మొదటి నెల పనంతా దీంట్లోనే.
- కొట్టు కట్టేశాక రోజూ 20 నిమిషాలు.

ఇంట్లో ఇంటరో డిగ్రీయో చదివే పిల్లలుంటే సగం పని వాళ్లే చేసేస్తారు. పాస్‌వర్డ్‌లు మాత్రం మీ దగ్గరే ఉండాలి. వెబ్‌సైటూ సొంత యాపూ నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేరూ మొదటి ఆరు నెలలు మీకు అక్కర్లేదు. ఎవరైనా వచ్చి అమ్మజూపితే మజ్జిగ ఇచ్చి పంపేయండి.

1. ముప్పై రోజులు కాగితం మీద రాయండి

నోటు పుస్తకంలో ఐదు గడులు గీయండి: పేరు, ఊరు, ఫోన్, ఏం కొన్నారు, ఎందుకు కొన్నారు. చాలామంది ఆ చివరి గడి వదిలేస్తారు. అసలు విలువ ఉన్నది అక్కడే. "చీర, 2,400" అని రాస్తే అది బిల్లు. "చీర, 2,400, మేనకోడలి సారెకు" అని రాస్తే వచ్చే ఏడాది ఆ ఇంట్లో ఏ అవసరం రావచ్చో మీకు తెలుస్తుంది.

ఊరి పేరు తప్పకుండా రాయండి. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో పైడిరాజులు, అప్పలరాజులు, సూర్యనారాయణలు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. ఫోన్లో కూడా "పైడిరాజు – గంట్యాడ – పెళ్లి బట్టలు" అనే సేవ్ చేయండి.

నంబరు అడిగేటప్పుడు ఎందుకో చెప్పండి. "కొత్త సరుకు వస్తే వాట్సాప్‌లో పెడతామండి, వద్దంటే పెట్టం" అంటే సరిపోతుంది. వద్దన్నవారి పేరు పక్కన గుర్తు పెట్టుకోండి. మనుషుల వివరాలను వాళ్ల సమ్మతితోనే వాడాలని 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా మన ఊళ్లో ఆ మర్యాద అవసరమే.

నెల అయ్యాక ఇదంతా గూగుల్ షీట్స్‌లోకి, అంటే ఫోన్లో గడులు గీసిన పట్టిక లాంటి యాప్‌లోకి, ఎక్కించండి. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ఒకే ఊరిని నేను "చీపురుపల్లి" అని, తమ్ముడు "చీపుర్పల్లి" అని, పనమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం. ఊరి వారీగా వెతికితే మూడో వంతు పేర్లే వచ్చేవి. ఊళ్ల పేర్లు ముందే ఒక చోట రాసి, అందరూ అదే అక్షరక్రమం వాడండి.

*సరిచూసుకోండి:* మీకు బాగా తెలిసిన ఒక ఊరు ఎంచుకుని ఆ పేరుతో వెతకండి. మీ తలలో ఉన్న మనుషులంతా జాబితాలో కనబడితే తర్వాతి మెట్టుకు వెళ్లండి. కనబడకపోతే ఇంకో పదిహేను రోజులు ఇక్కడే ఉండండి.

2. వాట్సాప్ బిజినెస్ పెట్టండి

మామూలు వాట్సాప్ వేరు, ఇది వేరు. ఇదీ ఉచితమే. కొట్టు నంబరుతో తెరిచి పేరు, చిరునామా, తెరిచే వేళలు, వారపు సెలవు నింపండి. ఆరంకెల పిన్‌తో రెండంచెల రక్షణ వెంటనే పెట్టుకోండి. ఎవరు ఫోన్ చేసి అడిగినా ఓటీపీ చెప్పొద్దు.

ఇందులో "లేబుల్స్" అని ఉంటాయి, అంటే ఒక్కో ఖాతాదారు చాట్‌కు తగిలించే గుర్తులు. అవి వాడుకోండి. నాలుగు చాలు: అడిగారు, అడ్వాన్స్ ఇచ్చారు, సరుకు సిద్ధం, బాకీ. పదిహేను లేబుల్స్ పెట్టినవాళ్లెవరూ రెండో వారం దాకా వాడలేదు.

ఒకేసారి చాలామందికి పంపాలంటే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంది. ఒక్కో జాబితాలో 256 మంది దాకా పడతారు. మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా" అనాలి. వీలైతే వాళ్ల ముందే చేయించాలి.

జాగ్రత్త: ఎవరో అమ్మే పదివేల నంబర్ల జాబితా కొని మెసేజ్‌లు గుప్పించొద్దు. అవతలివాళ్లు రిపోర్ట్ కొడితే మీ నంబరే ఆగిపోతుంది. గుడ్ మార్నింగ్ పూలు కూడా వద్దు. వారానికి ఒకటి, మహా అయితే రెండు మెసేజ్‌లు. పండగ వారంలో మూడైనా ఫర్వాలేదు.

పెద్దవాళ్లు టైపు చేయరు, వాయిస్ పెడతారు. "ఏటి బాబూ, మా జాకెట్టు ముక్క తెప్పించారేటి?" అని అడిగితే మీరూ వాయిస్‌లోనే, అదే యాసలో జవాబివ్వండి. నా అనుభవంలో టైపు చేసిన తియ్యటి మెసేజ్ కన్నా పది సెకన్ల వాయిస్‌కే బేరం తెగుతుంది.

3. క్యాటలాగ్: మొదట ఇరవై వస్తువులే

క్యాటలాగ్ అంటే వాట్సాప్ బిజినెస్‌లోనే మీ సరుకు ఫోటోలూ వివరాలూ పెట్టే జాబితా. కొట్టులో ఉన్నదంతా ఫోటో తీయాలని కూర్చుంటే మూడో రోజుకు విసుగొస్తుంది. ఎక్కువ అమ్ముడుపోయే ఇరవై తీసుకోండి. ఒక్కోదానికి మూడు ఫోటోలు: మొత్తం కనబడేలా ఒకటి, దగ్గర నుంచి ఒకటి, కొలత తెలిసేలా ఒకటి. ఉదయం పది లోపు గుమ్మం దగ్గర నీడలో తీయండి. ట్యూబులైటు కింద తీస్తే వంగపండు రంగు నీలంగా వచ్చి, సరుకు తిరిగొస్తుంది.

రాసే మాటలు కొనేవాడి ప్రశ్నకు జవాబులా ఉండాలి. పలాస జీడిపప్పు అమ్మేవాళ్లు "ఫస్ట్ క్వాలిటీ" అని రాస్తారు. దానికి అర్థమే లేదు. గ్రేడు రాయండి. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 పప్పులు తూగుతాయని. డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు. ఈ రెండు వాక్యాలూ క్యాటలాగ్‌లో పెడితే హైదరాబాద్‌లో ఉన్నవాడికి ధరలో తేడా ఎందుకో తెలుస్తుంది. గుండా బద్దా ముక్కా అన్నది కూడా చెప్పండి. ప్యాకెట్ మీద మీ ఆహార లైసెన్సు 14 అంకెల నంబరు, నికర బరువు, ప్యాక్ చేసిన తేదీ, ధర ఉండాలి. అవి కనబడేలా ఒక ఫోటో కూడా పెట్టండి.

పొందూరు ఖాదీ అమ్మేవాళ్లకు ఇంకో మాట. చేత్తో వడికిన నూలు, చేత్తో నేసిన బట్ట కాబట్టి తానుకూ తానుకూ కాస్త తేడా ఉంటుంది. ఆ సంగతి ముందే రాస్తే అది గొప్పగా కనబడుతుంది, ఫిర్యాదు వచ్చాక చెబితే సాకులా వినబడుతుంది. వాలుగ చేప దవడ ముల్లుతో పత్తి ఏకే వీడియో అర నిమిషం దొరికితే పెట్టండి. దాన్ని మించిన ప్రకటన లేదు. మరమగ్గం బట్టను ఖాదీ అని మాత్రం పెట్టొద్దు. ఖాదీ మార్క్ లేకుండా ఆ పేరుతో అమ్మకూడదు. బుడితి కంచు సామాన్లకైతే బరువు, బొబ్బిలి వీణకైతే పనస చెక్కా కాదా అన్నది మొదటి ప్రశ్నలు. ఆ జవాబులు ముందే ఉండాలి.

ధర రాయాలా వద్దా? రాయాలనే నా మాట. "ధరకు మెసేజ్ చేయండి" అని పెట్టిన చోట పది మంది చూసి తొమ్మిది మంది వెళ్లిపోవడం నేను చూశాను. పక్క కొట్టువాడు చూస్తాడనే భయం ఉంటే, అతను ఇప్పటికే మనిషిని పంపించి కనుక్కుని ఉంటాడని గుర్తుంచుకోండి.

*సరిచూసుకోండి:* మీ కొట్టుకు ఎప్పుడూ రాని చుట్టం ఒకరికి క్యాటలాగ్ పంపండి. ఆయన ఏమీ అడగకుండా ఒక వస్తువు ఎంచుకోగలిగితే పని అయినట్టు. ఏదైనా అడిగితే ఆ జవాబును క్యాటలాగ్‌లో చేర్చండి.

4. మ్యాప్‌లో కొట్టు కనబడాలి

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. ముందు మీ కొట్టు పేరుతో వెతకండి, ఎవరో ఖాతాదారు ఇప్పటికే చేర్చి ఉండొచ్చు. ఉంటే దాన్నే మీదని నమోదు చేసుకోండి. రెండోది సృష్టిస్తే రివ్యూలు చీలిపోతాయి. ధ్రువీకరణకు బోర్డు, లోపలి భాగం కలిపి వీడియో తీసి పంపమంటుంది. బోర్డు మీదున్న పేరూ మీరు నింపిన పేరూ ఒకటే ఉండాలి.

మన దగ్గర ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పిన్‌కోడ్‌లు మాత్రం పాతవే, రాజాంది ఇప్పటికీ 532తోనే మొదలవుతుంది. కాబట్టి చిరునామాలో కొత్త జిల్లా, పాత పిన్‌కోడ్ రాయండి. వాట్సాప్‌లో, బిల్లు మీద, మ్యాప్‌లో మూడు చోట్లా ఒకేలా ఉండాలి.

గుర్తు పిన్ను సరిగ్గా గుమ్మం మీద పడిందో లేదో చూడండి. సిరిమానోత్సవం రోజున విజయనగరం గంటస్తంభం చుట్టూ ఉన్న కొట్లకు, రథసప్తమికి అరసవల్లి దారిలో ఉన్నవాళ్లకు పై ఊళ్లవాళ్లు వస్తారు. పిన్ను వెనక సందులో ఉంటే వాళ్లు మీ దాకా రారు. ఆ రోజుల్లో తెరిచే వేళలు మారితే ప్రత్యేక వేళల్లో మార్చండి. చెడ్డ రివ్యూ వస్తే గొడవ పడకుండా ఏం సరిచేశారో రెండు వాక్యాల్లో చెప్పండి. డబ్బిచ్చి రివ్యూలు రాయించొద్దు. చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

5. యూపీఐ: డబ్బుతో పాటు లెక్క కూడా

క్యూఆర్ స్టిక్కర్ దాదాపు అందరి దగ్గరా ఉంది. కానీ ఎక్కువమందిది ఇంటి ఖాతాకే కలిసి ఉంది. మార్చండి. వ్యాపారి క్యూఆర్ తీసుకుని కొట్టు ఖాతాకు కలపండి. అల్లుడు పంపిన డబ్బు, చీటీ డబ్బు, అమ్మకం డబ్బు కలిసిపోతే రేపు ఏది వ్యాపారమో మీరే చెప్పలేరు. 2025లో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. ఆ టెన్షన్ మనకెందుకు?

బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో వచ్చే డబ్బుకు 2020 జనవరి నుంచి వ్యాపారి మీద ఛార్జీ లేదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి చెల్లిస్తే పడవచ్చు. డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్సుకు నెల అద్దె ఉంటుంది, తీసుకునే ముందు ఎంతో అడగండి.

మోసాలు మూడు రకాలు చూశాను. ఒకటి, నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోవడం. సౌండ్ బాక్స్ మోగాలి, లేదా మీ ఫోన్లో డబ్బు పడినట్టు కనబడాలి. రెండు, రాత్రి మీ స్టిక్కర్ మీద వాళ్ల స్టిక్కర్ అంటించడం. పొద్దున్నే బోణీకి ముందు ఒక రూపాయి పంపి మీ పేరే వస్తోందో చూసుకోండి. మూడు, "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అనడం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

6. చిట్టా, ఆవర్జా, బాకీ

మన పెద్దలు రోజువారీ లెక్క చిట్టాలో రాసి, మనిషి వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. కాబట్టి కొత్తగా నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, భయపడకండి.

ఒకేసారి మొత్తం స్టాకు ఎక్కించాలని చూడొద్దు. ఒక రకం తీసుకోండి, అంటే చీరలు మాత్రమే, లేదా నూనెలు మాత్రమే. నెల రోజులు నడపండి. నెలాఖరున అరల్లో ఉన్న సరుకు లెక్కా ఫోన్ లెక్కా పోల్చండి. వందకు రెండు మూడు తేడా ఉంటే ఫర్వాలేదు. పది ఉంటే ఎవరో బిల్లు లేకుండా ఇస్తున్నారు, లేదా తిరిగొచ్చిన సరుకు రాయడం లేదు. ఎక్కువసార్లు రెండోదే అవుతుంది. గుమస్తాను అనుమానించే ముందు అది చూడండి.

గోడ మీద "అప్పు రేపు" అని రాసుకున్న కొట్లలోనే అరువు పుస్తకం లావుగా ఉంటుంది. బాకీలను ఫోన్లోకి ఎక్కించండి, కానీ యంత్రం పంపే గుర్తుచేసే మెసేజ్‌ను వెంటనే ఆన్ చేయొద్దు. ఇరవై ఏళ్లుగా వస్తున్న మనిషికి రాత్రి తొమ్మిదికి "మీరు 1,150 రూపాయలు బాకీ" అని మెసేజ్ వెళ్తే డబ్బు వస్తుంది, మనిషి రాడు. కోత డబ్బులు చేతికొచ్చే నెల మీకు తెలుసు. అప్పుడు మీరే ఫోన్ చేయండి.

7. దూరం ఊళ్లకు పంపాలంటే

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ వేరే రాష్ట్రానికి సరుకు అమ్మి పంపాలంటే సాధారణంగా ఆ పరిమితి వర్తించదు, ముందే రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రమే అన్న సంగతి మనవాళ్లు మరిచిపోతారు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం అరగంట దూరమైనా అది ఒడిశా. కాంపొజిషన్ పథకంలో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ పద్ధతిలో, ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అసలు అమ్మకూడదు. మొదటి పార్సిల్ కట్టకముందే మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి.

వద్దనుకుంటే రాష్ట్రం లోపలే మొదలుపెట్టండి. విశాఖలో మనవాళ్లు తక్కువేం లేరు.

ప్యాకింగ్‌కు ముందు సరుకునూ చిరునామానూ కలిపి ఒక ఫోటో తీయండి. గొడవ వస్తే అదే సాక్ష్యం.

8. ఫలితం చూసుకోవడం

లైకులు, ఫాలోవర్లు లెక్కపెట్టకండి. నెలకొకసారి ఈ నాలుగు రాసుకోండి: మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది, వాట్సాప్‌లో అడిగినవాళ్లలో కొన్నది ఎంతమంది, మూడు నెలలుగా కదలని సరుకు విలువ ఎంత, బాకీ మొత్తం ఎంత.

మొదటిది చాలా చెబుతుంది. దసరాకు 240 మంది కొన్నారనుకోండి. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లంతా ఇళ్లకు వస్తారు కదా, అయినా ఆ 240లో 90 మందే మళ్లీ వచ్చారు. మిగతా 150 పేర్లను ఊరి వారీగా పేర్చండి. అన్ని ఊళ్లలోనూ కొంత కొంత తగ్గితే ధరో సరుకో కారణం. ఒకే ఊరు మొత్తం మాయమైతే అక్కడ కొత్త కొట్టు పడి ఉండాలి, లేదా మన దగ్గర ఎవరో ఆ ఊరివాళ్లను ఏదో అని ఉండాలి. మాకు ఒకసారి రెండోదే జరిగింది. వెళ్లి మాట్లాడితే మూడు ఇళ్లవాళ్లు తిరిగొచ్చారు. ఏ యాపూ ఆ పని చేసేది కాదు, కానీ ఆ ఊరి పేరు చూపించింది మాత్రం ఆ షీటే.

రెండో అంకె తక్కువగా ఉంటే క్యాటలాగ్‌లో లోపం ఉంది, లేదా జవాబు ఆలస్యమవుతోంది. గంట లోపు జవాబివ్వలేకపోతే "సాయంత్రం ఆరు తర్వాత చెబుతామండి" అనే ఆటోమేటిక్ మెసేజ్ పెట్టండి, ఆరు తర్వాత నిజంగా చెప్పండి.

ఆరు నెలలకూ మొదటి రెండు అంకెలు కదలకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ కొనకండి. ఒకటో మెట్టు దగ్గరికి వెళ్లి "ఎందుకు" గడి నిజంగా నింపుతున్నారో లేదో చూడండి.

9. గాలివానకు ఏర్పాటు

ఇది మన తీరం వాళ్లకు తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చాయి. రెండూ అక్టోబరే, అంటే పండగ బేరాల కాలం. తిత్లీ తర్వాత శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అలాంటప్పుడు యూపీఐ ఉండదు, షీటు తెరుచుకోదు.

సెప్టెంబరు నెలాఖరుకల్లా మూడు పనులు చేయండి. ఖాతాదార్ల జాబితా, బాకీల పట్టిక ప్రింటు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి పై అరలో ఉంచండి. రెండు రోజుల చిల్లరకు సరిపడా నగదు గల్లాపెట్టెలో కాకుండా ఇంట్లో పెట్టుకోండి. ఒక చేతి బిల్లు పుస్తకం, కార్బన్ పేపరు కొని ఉంచండి. కరెంటు వచ్చాక ఆ కాగితాల మీదివన్నీ అదే రోజు ఫోన్లోకి ఎక్కించండి. వారం ఆగితే ఏ పైడిరాజు ఏం తీసుకెళ్లాడో మీకూ గుర్తుండదు, పైడిరాజుకూ గుర్తుండదు.